పిల్లికి బీమా: దండగా? దన్నా?

కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఇళ్లలో పెరిగే పిల్లికి ఏటా ప్రీమియం కట్టడం తగునా అన్న ప్రశ్నకు పాలసీ కాగితంలో సగం జవాబే దొరుకుతుంది. జబ్బు చేసినప్పుడు ఆ పిల్లిని ఎక్కడికి తీసుకుపోతారన్నది మిగతా సగం.

పాడి గేదెకు, గొర్రెల మందకు బీమా చేయించడం కడప జిల్లా రైతుకు తెలిసిన వ్యవహారమే. కేంద్ర ప్రభుత్వం 2005-06లో వంద ఎంపిక చేసిన జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన పశు బీమా పథకం తర్వాతి కాలంలో జాతీయ పశుసంపద మిషన్‌లో భాగమైంది. 2024 ఫిబ్రవరిలో ఆ మిషన్‌కు చేసిన సవరణతో ప్రీమియంలో రైతు వాటా 15 శాతానికి తగ్గి, మిగిలినది ప్రభుత్వాలు భరించే ఏర్పాటు వచ్చింది. ఇంట్లో పెంచుకునే పిల్లికి మాత్రం ఇటువంటి రాయితీ ఏదీ లేదు. దానికి చేయించే బీమా పూర్తిగా ప్రైవేటు ఒప్పందం, ప్రీమియంలో ప్రతి రూపాయీ యజమానిదే. అందుకే పశు బీమా విషయంలో పెద్దగా ఆలోచించకుండా సరేననే కుటుంబం కూడా పిల్లి బీమా దగ్గరికి వచ్చేసరికి లెక్క వేసుకోక తప్పదు.

రెండు బీమాలు, రెండు నష్టాలు

గేదె బీమా ప్రధానంగా మరణానికి సంబంధించినది. గేదెకు సంతలో ధర ఉంటుంది, అది పోతే పాల మీద వచ్చే రాబడి ఆగిపోతుంది, ఆ నష్టాన్ని పూడ్చడానికే బీమా సొమ్ము చెల్లిస్తారు. వీధిలోంచి ఇంట్లోకి వచ్చి మచ్చికైన నాటు పిల్లికి సంత ధర అంటూ ఏదీ ఉండదు కాబట్టి, దాని మరణానికి పరిహారం అన్న మాటకు ఆర్థికంగా అంత అర్థం లేదు. వేల రూపాయలు పోసి కొనుక్కున్న పర్షియన్ పిల్లికి మాత్రమే ఆ భాగం కొంత ఉపయోగపడుతుంది. తక్కిన పిల్లుల విషయంలో యజమానికి నిజంగా ఎదురయ్యే నష్టం వైద్యానికి అయ్యే ఖర్చు. కనుక పిల్లి బీమాను పశు బీమాతో కాక, మనుషుల ఆరోగ్య బీమాతో పోల్చి చూడడమే సరైన పద్ధతి.

ప్రపంచంలో జంతువుల బీమా కూడా పశువుల నుంచి పెంపుడు జంతువుల వైద్యం వైపే నడిచింది. స్వీడన్‌లో 1890లో గుర్రాలకు, పశువులకు మొదలైన బీమా 1924లో కుక్కకు విస్తరించింది. అమెరికాలో టెలివిజన్ ద్వారా ప్రసిద్ధి పొందిన లాసీ అనే కుక్కకు 1982లో ఆ దేశపు తొలి పెంపుడు జంతువుల ఆరోగ్య పాలసీ ఇచ్చారు. మన దేశంలో ప్రభుత్వరంగ సంస్థలు కుక్కలకు బీమా ఇస్తూ వచ్చినా, వైద్య ఖర్చును కేంద్రంగా చేసుకున్న పాలసీలకు ప్రచారం వచ్చింది 2020లో బజాజ్ అలియాంజ్ కుక్కల పాలసీని తెచ్చిన తర్వాతే. పిల్లులకు చోటిచ్చే పాలసీలు ఆ తర్వాత వచ్చాయి. హెచ్‌డీఎఫ్‌సీ ఎర్గో వంటి సంస్థలు కుక్కలతో పాటు పిల్లులనూ చేర్చుకుంటున్నాయి.

పాలసీలో ఉండేవి, ఉండనివి

ఇటువంటి పాలసీలు సాధారణంగా శస్త్రచికిత్సకు, ఆసుపత్రిలో చేర్చినప్పటి ఖర్చుకు రక్షణ ఇస్తాయి. ఎక్కువ ప్రీమియం కడితే బయటి రోగిగా చూపించుకున్న ఖర్చు, పిల్లి తప్పిపోవడం, అది ఇతరులను గాయపరిస్తే వచ్చే బాధ్యత వంటివి జత చేసుకోవచ్చు. పాలసీ మొదలైన తర్వాత కొన్ని రోజుల పాటు వచ్చిన జబ్బులకు క్లెయిం చెల్లించని గడువును నిరీక్షణ కాలం అంటారు; ప్రతి బిల్లులో యజమాని తప్పనిసరిగా భరించాల్సిన వాటాను సహ చెల్లింపు అంటారు. పాలసీ తీసుకోకముందే ఉన్న జబ్బులు, కాన్పు ఖర్చులు, టీకా వేయించి ఉంటే రాకుండా ఉండే వ్యాధులు మినహాయింపుల జాబితాలో తరచుగా కనిపిస్తాయి.

ఈ చివరి మినహాయింపును ప్రత్యేకంగా గమనించాలి. పిల్లి పిల్లలను రోజుల వ్యవధిలో చంపగల ప్యాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ వ్యాధికీ, రేబిస్‌కూ టీకాలు ఉన్నాయి. వాటిని వేయించని యజమాని బీమా ఉన్నా ఆ ఖర్చు తానే పెట్టుకోవాల్సి రావచ్చు. అలాగే పాలసీలో కొత్తగా చేర్చుకునే వయసుకు పైపరిమితి ఉంటుంది కానీ, పిల్లుల్లో మూత్రపిండాల వ్యాధి వంటి దీర్ఘకాలిక సమస్యలు ఎక్కువగా ముసలితనంలోనే బయటపడతాయి. అంటే పిల్లి ముదిరాక చూద్దాంలే అని ఆగిన వారికి, అవసరం వచ్చే నాటికి తలుపు మూసి ఉండే అవకాశం ఎక్కువ.

వైద్యం ఎక్కడ?

ఈ మూడు పట్టణాల పరిస్థితి హైదరాబాదు, బెంగళూరుల పరిస్థితి కాదు. 2005లో తిరుపతి కేంద్రంగా ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం కింద 2008లో ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల వచ్చింది. విద్యార్థులకు చికిత్స నేర్పే కళాశాల కావడం వల్ల దానికి అనుబంధంగా వైద్యశాల కూడా ఉంటుంది. సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలోని జమ్మలమడుగు వారికీ అది అందుబాటులోదే. పులివెందులలో పశు పరిశోధన కేంద్రం ఉన్నా, దాని పని పాడి పశువులకు, జీవాలకు సంబంధించినది. 2022లో మొదలైన సంచార పశువైద్య వాహనాలను మొదట నియోజకవర్గానికొకటి చొప్పున ఇచ్చి 1962 నంబరుతో నడిపినా, ఆ ఏర్పాటూ ప్రధానంగా రైతుల పశువుల కోసమే రూపొందింది.

దీని ఫలితం రెండు విధాలుగా ఉంటుంది. ప్రభుత్వ వైద్యశాలలో చూపించుకుంటే యజమాని చేతి నుంచి పోయేది చాలావరకు బయట కొనే మందుల ఖర్చే కాబట్టి, బీమా సంస్థ దగ్గర అడగడానికి పెద్ద బిల్లే తయారు కాదు. అదే మగపిల్లికి మూత్రనాళం మూసుకుపోయి గంటల్లో ప్రాణం మీదికి వచ్చినప్పుడో, మిద్దె మీది నుంచి పడి ఎముక విరిగినప్పుడో స్కానింగు, శస్త్రచికిత్స, నాలుగైదు రోజుల పర్యవేక్షణ కావాలంటే పెద్ద నగరానికి పోవాల్సి రావచ్చు. బిల్లు పెరిగేది అక్కడే. దారి ఖర్చును పాలసీ సాధారణంగా ఇవ్వదు, దారిలో గడిచే సమయాన్ని ఏ పాలసీ వెనక్కు తేలేదు.

అంకెల్లో పెడితే

లెక్క తేలిక కావడానికి ఒక ఊహా పాలసీని తీసుకోవచ్చు: ఏడాది ప్రీమియం పన్నులతో కలిపి 2,400 రూపాయలు, సహ చెల్లింపు 10 శాతం. నగరంలో 20,000 రూపాయల బిల్లు అయితే బీమా సంస్థ 18,000 ఇస్తుంది; ఇది ఏడున్నరేళ్ల ప్రీమియానికి సమానం. అంటే ఏడున్నరేళ్లలో ఒకసారి అటువంటి ఆపద వస్తే కట్టింది చేతికి వచ్చినట్టే. స్థానికంగా 3,000 రూపాయలతో ముగిసే చికిత్స అయితే వచ్చేది 2,700 మాత్రమే. కట్టింది రావాలంటే పిల్లికి దాదాపు ప్రతి ఏడాదీ జబ్బు చేయాలి. పాలసీ అదే, పిల్లి అదే. వైద్యం జరిగిన ఊరు మారేసరికి లాభం నష్టమైంది.

ఆ 2,400 రూపాయలను ఏటా విడిగా దాచుకుంటే ఐదేళ్లకు వడ్డీ లేకుండానే 12,000 అవుతాయి, పిల్లి ఆరోగ్యంగా ఉంటే ఆ సొమ్ము ఇంట్లోనే ఉంటుంది. అయితే మొదటి ఏడాదే ఆపద వస్తే పొదుపులో ఉండేది 2,400 మాత్రమే, బీమా అయితే 18,000. సంస్థ తన నిర్వహణ ఖర్చును, లాభాన్ని కూడా ప్రీమియంలోనే రాబట్టుకుంటుంది కాబట్టి, పాలసీదారులంతా కలిసి పొందేది వారు కట్టిన దానికంటే తక్కువే ఉంటుంది. అందుకే బీమా విలువను లాభంతో కాక, ఒక్కసారిగా 20,000 రూపాయలు తీయాల్సి వస్తే ఆ ఇల్లు తట్టుకుంటుందా లేదా అన్న దానితో కొలవాలి.

పోగు లేకుంటే సొమ్ము లేదు

పశు బీమాలో చెవిపోగు లేని పశువుకు క్లెయిం రాదన్న నియమం రైతులకు తెలిసిందే. పిల్లి విషయంలో ఆ పనిని చర్మం కింద అమర్చే, బియ్యపు గింజంత ఉండే మైక్రోచిప్, లేదా స్పష్టమైన ఫొటోలు చేస్తాయి. ఒకే చారలు, ఒకే రంగు ఉన్న నాటు పిల్లులు వీధికి నాలుగు ఉండే చోట చికిత్స పొందింది బీమా చేసిన పిల్లేనని నిరూపించే భారం యజమానిదే. నమోదైన పశువైద్యుని చీటీ, పరీక్షల నివేదిక, మందుల రసీదు లేకుంటే క్లెయిం ముందుకు కదలదు. రసీదు అడగకుండా మందులు కొనే అలవాటు ఉన్న ఇంట్లో పాలసీ చాలావరకు కాగితంగానే మిగులుతుంది. క్లెయింను అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందుగా సంస్థకు, తర్వాత బీమా నియంత్రణ సంస్థ నడిపే బీమా భరోసా వేదికకు ఫిర్యాదు చేయవచ్చు.

ఎవరికి తగును?

ఇంటా బయటా తిరిగే నాటు పిల్లిని పెంచుతూ, ప్రొద్దుటూరు దాటి వైద్యానికి పోయే ఉద్దేశం లేని కుటుంబానికి బీమా అవసరం తక్కువ. ఆ సొమ్ముతో ముందుగా టీకాలు, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ పూర్తి చేయడం మేలు. ఆ ఆపరేషన్ ఆడపిల్లికి గర్భాశయంలో చీము పట్టే ప్రమాదాన్ని కూడా దాదాపుగా తొలగిస్తుంది. మనుషులకు వాడే పారాసిటమాల్ మాత్ర పిల్లికి విషమన్న ఒక్క సంగతి ఇంటిల్లిపాదికీ తెలిసి ఉండడం ఏ పాలసీ ఇవ్వలేని రక్షణ.

ఖరీదైన జాతి పిల్లి ఉండి, అది ఇంకా చిన్న వయసులోనే ఉండి, అవసరమైతే బెంగళూరుకో హైదరాబాదుకో తీసుకుపోవడానికి సిద్ధపడి, అంత సొమ్ము ఒక్కసారిగా తీయలేని కుటుంబానికి మాత్రం మొదటి కొన్నేళ్లు బీమా తగినదే. ఆలోగా పొదుపును కూడా పెంచుకుంటే, ప్రీమియం వయసుతో పెరిగే నాటికి పాలసీని వదులుకునే స్వేచ్ఛ దక్కుతుంది. ఈ రెండు రకాల ఇళ్లకు మధ్యన ఉన్నవారు బీమా ఏజెంటు కంటే ముందు పశువైద్యుణ్ణి కలిసి, ఈ పిల్లికి పెద్ద ఆపరేషన్ అవసరమైతే ఎక్కడికి పంపుతారు, అక్కడ ఎంత అవుతుంది అని అడిగి తెలుసుకోవాలి. ఆ అంకె చేతికి వచ్చాక పాలసీ చదివితే, కట్టాలా వద్దా అన్న నిర్ణయానికి ఎక్కువ సేపు పట్టదు.