కారు సర్వీసు బిల్లు: పరిభాష, అర్థబోధ, వ్యయం – గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నేపథ్యం

వ్యాససంగ్రహం:
అధీకృత డీలరు వర్క్‌షాపులో కాలానుసారం చేయించే కారు సర్వీసుకు అయ్యే ఖర్చు, బిల్లు మీది మాటలను యజమాని ఎలా అర్థం చేసుకుంటాడన్నదానిపై కూడా ఆధారపడుతుంది. పాలమూరు ప్రాంతపు మూడు జిల్లాల నేపథ్యంలో ఆ మాటల అర్థపరిధిని, వాటి వెనుక ఉన్న సాంకేతిక, న్యాయపరమైన విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వృత్తిపదాలు, జాబ్‌కార్డు, ఫ్రీ సర్వీసు, మజూరి, వారంటీ, వినియోగదారుల హక్కులు.

1. ఉపోద్ఘాతం:

2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్విభజనలో ఉమ్మడి మహబూబ్‌నగర్ నుండి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు ఏర్పడ్డాయి. కలెక్టరేట్లు, జిల్లా కార్యాలయాలు దగ్గరికి వచ్చాయి. అయితే జిల్లా కేంద్రమైనంత మాత్రాన పట్టణానికి అన్ని కార్ల కంపెనీల సర్వీసు కేంద్రాలూ రావు. కొన్ని కంపెనీల చిన్న వర్క్‌షాపులు చిన్న ఊళ్ళదాకా వచ్చినా, తక్కిన కంపెనీల కారు కొన్నవారు కర్నూలుకో మహబూబ్‌నగర్‌కో హైదరాబాదుకో ప్రయాణం కట్టవలసిందే. అలా వెళ్ళిన యజమాని ముందుకు వచ్చే మొదటి కాగితం జాబ్‌కార్డు. తిరిగి వచ్చేటప్పుడు చేతికందేది బిల్లు. రెండింటి భాషా ఆంగ్లమే. అందులోనూ సగం సంక్షిప్తాక్షరాలు.

తెలుగులో వృత్తిపదాల అధ్యయనానికి గట్టి పునాది ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం వెలువడింది. ఆ తరువాతి సంపుటాలలో చేనేత పదాలకూ చోటు దక్కింది. ఆ కృషి శ్రామికుని నోటిలోని మాటను భద్రపరచింది. కారు సర్వీసింగు విషయంలో సమస్య వేరు. మాట తెలిసినవాడు వర్క్‌షాపులో ఉన్నాడు, డబ్బు చెల్లించేవాడికి మాట తెలియదు. ఇక్కడ పదకోశం అవసరం ఎక్కువగా ఉన్నది వృత్తికి వెలుపల నిలబడినవాడికి.

2. 'ఫ్రీ సర్వీసు' – విశేషణం దేనికి వర్తిస్తుంది?

కొత్త కారుకు తొలి కొన్ని సర్వీసులు 'ఫ్రీ' అని కంపెనీలు ప్రకటిస్తాయి. మారుతి సుజుకి కార్లలో చాలా మోడళ్ళకు 1,000 కి.మీ. లేదా ఒక నెల, 5,000 కి.మీ. లేదా ఆరు నెలలు, 10,000 కి.మీ. లేదా ఒక సంవత్సరం – ఈ మూడు గడువులకు ఫ్రీ సర్వీసులుంటాయి. ఆపై ప్రతి 10,000 కి.మీ.కు లేదా ఏడాదికి ఒకసారి డబ్బు చెల్లించి చేయించుకోవాలి. తెలుగు వ్యవహర్త 'ఫ్రీ సర్వీసు' అన్న సమాసాన్ని 'ఖర్చులేని సర్వీసు' అని గ్రహిస్తాడు. మూడో ఫ్రీ సర్వీసుకు వెళ్ళి వేలల్లో బిల్లు చూసి మోసమనుకోవడానికి కారణం ఈ గ్రహింపే. నిజానికి అక్కడ ఉచితమైనది పనికూలి మాత్రమే. ఇంజిన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, డ్రెయిన్ ప్లగ్గు వాషరు వంటివాటికి ధర చెల్లించాలి.

ఈ తేడా గద్వాల మగ్గాల పక్కన పుట్టిపెరిగినవారికి కొత్త కాదు. పట్టు, జరీ ఆసామి ఇస్తాడు. నేసినవానికి దక్కేది మజూరి. సరుకు వేరు, మజూరి వేరు. కంసాలి దగ్గర కూడా బంగారం ధర, తరుగు, మజూరి విడివిడిగానే లెక్కకు వస్తాయి. 'ఫ్రీ సర్వీసు' అన్నచోట 'మజూరి మాఫీ' అని రాసివుంటే అపార్థానికి తావుండేది కాదు. వ్యాపారానికి ఆ స్పష్టత అవసరం లేదు కాబట్టి ఆ మాట రాలేదు. బిల్లులో 'లేబర్', 'పార్ట్స్', 'కన్‌స్యూమబుల్స్' అనే మూడు పద్దులనూ మజూరి, విడిభాగాలు, వాడకంలో ఖర్చయ్యే సరుకులు (ఆయిలు, గ్రీసు, కూలంటు, శుభ్రపరిచే ద్రవాలు) అని విడదీసి చదివితే బిల్లులో మూడొంతులు తేటపడుతుంది.

మజూరిని లెక్కగట్టే పద్ధతి మరొక విషయం. మెకానిక్కు పట్టిన అసలు సమయాన్ని బట్టి కాక, ఆ పనికి కంపెనీ ముందుగా నిర్ణయించిన ప్రమాణ సమయాన్ని బట్టి, ఆ పట్టణానికి వర్తించే గంట ధరతో హెచ్చించి లేబర్ వేయడం పరిపాటి. అందుకే ఒకే పనికి హైదరాబాదులోనూ చిన్న పట్టణంలోనూ వేర్వేరు మొత్తాలు కనిపిస్తాయి. పెద్ద కంపెనీలు కొన్ని తమ వెబ్‌సైట్లలో మోడలు, కిలోమీటర్లు, ఊరు ఎంచుకుంటే అంచనా ఖర్చు చూపే ఏర్పాటు చేశాయి. బయలుదేరే ముందు దాన్ని చూసుకోవడం సులభమైన పని.

3. చూడటం, మార్చడం:

కారుతో వచ్చే యజమాని పుస్తకంలో ఒక పట్టిక ఉంటుంది. నిలువు వరుసల్లో కిలోమీటర్లు, నెలలు. అడ్డు వరుసల్లో భాగాల పేర్లు. గళ్ళలో ఒక్కొక్క అక్షరం. పరీక్షించాలన్నదానికి 'ఐ', మార్చాలన్నదానికి 'ఆర్', శుభ్రం చేయాలన్నదానికి 'సి' – ఇలా క్రియలు అక్షరాలుగా కుదించుకుపోయి ఉంటాయి. సర్వీసు ఖర్చు నిజంగా తేలేది ఈ పట్టికలోనే. అరుదుగా చదివే పేజీ కూడా ఇదే.

వాడుక తెలుగులో 'చూడటం', 'చెక్ చేయడం', 'సర్వీసింగు చేయడం' ఒకదానిలోకి ఒకటి జారిపోయే మాటలు. 'బ్రేకులు చూడాలి' అని సలహాదారు అంటే యజమాని తలూపుతాడు. ఆ తలూపు జాబ్‌కార్డులో బ్రేక్ ప్యాడ్ల మార్పుగానో, విప్పి శుభ్రం చేసే పనిగానో నమోదు కావచ్చు. పట్టికలో ఆ గడిలో ఉన్నది పరీక్ష మాత్రమే అయితే, ప్యాడ్ల మందం ఎంత మిగిలిందో కొలిచి చెప్పమని అడగడానికి ఆధారం దొరుకుతుంది. తెలుగు ప్రేరణార్థక క్రియ ఈ సందర్భంలో గమనింపదగింది. 'బండి సర్వీసింగు చేయించాను' అన్న వాక్యంలో కర్త యజమాని. పని చేసింది మరొకరైనా చేయించిన బాధ్యత తనదే. ఏమి చేయించాడో చెప్పలేనప్పుడు ఆ వాక్యంలో కర్తృత్వం పేరుకే మిగులుతుంది.

పట్టికలోని గడువులన్నీ అమ్మకపు ఎత్తుగడలని అనుకోవడం కూడా పొరపాటే. 'కిలోమీటర్లు లేదా నెలలు, ఏది ముందైతే అది' అన్న నియమం ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లు మాత్రమే తిరిగే యజమానికి అన్యాయంగా తోస్తుంది. కానీ ఇంజిన్ ఆయిలు తిరిగినా తిరగకపోయినా గాలి సోకి కాలక్రమంలో గుణం కోల్పోతుంది. దగ్గరి ప్రయాణాలే ఎక్కువైతే, ఇంజిన్ పూర్తిగా వేడెక్కనందున, ఆయిలులో చేరిన తేమ ఆవిరైపోదు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ పెరిగితే దాని మరుగు ఉష్ణోగ్రత తగ్గుతుంది. అందుకే దానికి కిలోమీటర్లతోపాటు కాలపు గడువూ పెడతారు.

అదే పుస్తకంలో 'కఠిన పరిస్థితులు' అనే మరో పట్టిక ఉంటుంది. దుమ్ము రోడ్లు, బరువు లాగడం, పదేపదే చిన్న దూరాలు తిరగడం ఉంటే కొన్ని భాగాలను ముందుగానే మార్చాలని అది చెబుతుంది. కృష్ణా, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో విత్తనపత్తి చేల వెంట, మట్టిబాటల మీద తిరిగే కారుకు ఈ రెండో పట్టిక వర్తిస్తుంది. ఎయిర్ ఫిల్టరు గడువుకు ముందే మార్చాలని వర్క్‌షాపు చెబితే అక్కడ అది సబబైన సలహా కావచ్చు. అదే సలహా జాతీయ రహదారి మీద మాత్రమే తిరిగే కారుకు ఇస్తే ఫిల్టరును తీసి చూపించమని అడగాలి.

పట్టికలో ఏ గడిలోనూ లేనివి మరికొన్ని. ఇంజిన్ ఫ్లష్, డీకార్బనైజేషన్, అండర్‌బాడీ కోటింగు, ఏసీ శుద్ధి, ఎలుకల నివారణ ద్రవం, పెయింటు పాలిషు వంటివి సాధారణంగా 'వాల్యూ యాడెడ్ సర్వీసు' అన్న పేరుతో బిల్లులోకి వస్తాయి. వీటన్నిటినీ నిరుపయోగమని తోసిపుచ్చలేం. పొలాల పక్కన బండి నిలిపేవారికి ఎలుకలు తీగలు కొరికే బాధ నిజమైనదే. అయితే ఇవి ఐచ్ఛికాలు. వారంటీకి వీటితో సంబంధం లేదు. 'చేయాలి' అన్న విధ్యర్థకాన్ని 'చేయించుకోవచ్చు' అన్న అర్థంలో వాడటం ఇక్కడి భాషాపరమైన కిటుకు.

4. 'గుంజు' – ఒక క్రియ, రెండు ఖర్చులు:

యజమాని నోటి మాట జాబ్‌కార్డు ఆంగ్లంగా మారే క్షణమే ఖర్చు విషయంలో అత్యంత కీలకమైనది. ఈ ప్రాంతపు మాటతీరులో 'బండి గుంజుతలేదు' అంటే ఎక్కుడు దారిలో ఇంజినుకు లాగే సత్తువ తగ్గిందని అర్థం. 'బండి పక్కకు గుంజుతుంది' అంటే స్టీరింగు వదిలితే కారు ఒక వైపుకు పోతుందని. ధాతువు ఒకటే, లోపాలు వేర్వేరు. మొదటిదానికి మూసుకుపోయిన ఎయిర్ ఫిల్టరు, అరిగిన స్పార్క్ ప్లగ్గులు, క్లచ్చు జారడం వంటివి కారణాలు కావచ్చు. రెండోదానికి ఒక టైరులో గాలి తగ్గడం నుండి, చక్రాల అమరిక చెడటం, ఒక బ్రేకు పట్టివేయడం దాకా ఏదైనా కావచ్చు.

పట్టణం నుండి వచ్చిన యువ సలహాదారుకు ఈ తేడా అందకపోతే, అందినా కార్డు మీద 'పుల్లింగ్ ప్రాబ్లం' అని మాత్రమే రాస్తే, రెండింటికీ పరీక్షలు జరుగుతాయి, రెండింటికీ మజూరి పడుతుంది. గాలి నింపితే సరిపోయేచోట చక్రాల అమరికకు బిల్లు వస్తుంది. ఇక్కడ ఎవరి దురుద్దేశమూ ఉండనక్కరలేదు. అనువాదంలో జారిపోయిన ఒక విశేషణం చాలు. లక్షణం ఎప్పుడు, ఎంత వేగంలో, ఏ వైపుకు, చల్లని ఇంజినుతోనా వేడెక్కాకనా అన్న వివరాలు చెప్పి, కార్డు మీద రాసినదాన్ని తెలుగులో తిరిగి చదివించుకోవడం యజమాని చేయగలిగిన పని. తీసేసిన పాత భాగాలను తిరిగి ఇమ్మని కార్డు మీదనే రాయించడం కూడా అలాంటిదే.

5. దూరం, పన్ను:

గద్వాల నుండి కర్నూలుకు రోడ్డు మీద సుమారు 60 కి.మీ. రానుపోను 120 కి.మీ.కు, లీటరుకు 15 కి.మీ. ఇచ్చే కారుకు 8 లీటర్ల పెట్రోలు కావాలి. లీటరు వంద రూపాయలు దాటిన ధరలో అది ఎనిమిది వందలకు పైబడుతుంది. టోలు, ఒక పనిదినం దీనికి అదనం. బిల్లులో కనబడని ఈ ఖర్చు చిన్న సర్వీసుల్లో మజూరితో పోటీపడుతుంది. సర్వీసుకు సమయం ముందుగా ఖరారు చేసుకోవడం, చిన్నచిన్న లోపాలన్నిటినీ ఒకే పర్యటనలో చేయించుకోవడం నగరవాసికి సౌకర్యం మాత్రమే. ఈ మూడు జిల్లాలవారికి అది నేరుగా ఆదా.

పన్నులో ఇటీవల మార్పు వచ్చింది. మజూరి మీద జీఎస్టీ 18 శాతం. బ్రేక్ ప్యాడ్లు, షాక్ అబ్జార్బర్ల వంటి విడిభాగాల మీద అంతకుముందు 28 శాతం ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుండి మోటారు విడిభాగాలన్నిటికీ 18 శాతమే. ఉదాహరణకు పన్నుకు ముందు రూ. 3,000 విలువ చేసే ప్యాడ్ల మీద పన్ను రూ. 840 నుండి రూ. 540కి తగ్గింది. పాత బిల్లుతో కొత్త బిల్లును పోల్చేవారు పన్ను తీసేసిన మూలధరలను పోల్చాలి. లేకుంటే మూలధర పెరిగిన సంగతి తగ్గిన పన్ను చాటున దాగిపోవచ్చు.

6. 'వారంటీ పోతుంది':

ఊళ్ళో మెకానిక్కు దగ్గర ఆయిలు మార్పిస్తే వారంటీ పోతుందన్న మాట డీలర్ల దగ్గర తరచు వినిపిస్తుంది. దీని చుట్టూ దేశంలో పెద్ద వివాదమే నడిచింది. షంషేర్ కటారియా ఫిర్యాదుపై కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టు 25న ఇచ్చిన ఉత్తర్వులో 14 కార్ల కంపెనీలకు మొత్తం సుమారు రూ. 2,545 కోట్ల జరిమానా విధించింది. విడిభాగాలు, మరమ్మతు సమాచారం బయటి మెకానిక్కులకు అందకుండా చేసి, యజమానులను అధీకృత డీలర్లకు కట్టిపడేశారన్నది అందులోని ప్రధాన నిర్ధారణ. ఒకసారి కారు కొన్నాక ఆ కారు విడిభాగాల విపణిలో ఆ కంపెనీదే ఆధిపత్యమన్న తర్కం ఈ ఉత్తర్వుకు ఆయువుపట్టు. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీని పూర్తిగా రద్దుచేసే షరతు పెట్టరాదనీ, ఆ మరమ్మతులోని లోపంవల్ల నష్టం జరిగితే ఆ మేరకే వారంటీని నిరాకరించవచ్చనీ కమిషన్ ఆదేశించింది. అప్పీలులో 2016 డిసెంబరులో కాంపిటీషన్ అప్పిలేట్ ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో నిర్ధారణను సమర్థిస్తూ జరిమానాను తగ్గించింది. వ్యాజ్యం అక్కడినుండి సుప్రీంకోర్టుకు చేరింది.

దీన్ని చదివి వారంటీ గడువులోనే డీలరును పూర్తిగా వదిలేయడం మాత్రం తొందరపాటు. నిర్ణీత గడువుకు, నిర్ణీత ప్రమాణంగల ఆయిలుతో సర్వీసు జరిగిందని వారంటీ కోరే సమయంలో చూపవలసి రావచ్చు. ఊరి మెకానిక్కుల్లో చాలామంది బిల్లు ఇవ్వరు, ఇచ్చినా ఆయిలు రకం రాయరు. పని నాణ్యతలో వారు డీలరుకు తీసిపోకపోవచ్చు. కాగితం దగ్గరే వెనకబడతారు. వారంటీ ముగిశాక లెక్క మారుతుంది. ఆయిలు, ఫిల్టర్లు, బ్రేకులు స్థానికంగా చేయించుకుని, ఎలక్ట్రానిక్ పరికరాలతో పరీక్షించవలసినవాటికి మాత్రమే డీలరు దగ్గరికి వెళ్ళడం ఈ జిల్లాలవారికి దూరంరీత్యా కూడా లాభసాటి.

2022 డిసెంబరు 24న కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ప్రారంభించిన 'రైట్ టు రిపేర్' పోర్టల్ కార్లతోపాటు వ్యవసాయ యంత్రాలను కూడా పరిధిలోకి తీసుకుంది. ట్రాక్టరూ కారూ ఒకే పెరటిలో నిలిచే ఇళ్ళకు ఆ చేర్పు చిన్నదేమీ కాదు.

7. ఫిర్యాదు – రాష్ట్ర సరిహద్దు:

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదును ప్రతివాది వ్యాపారం చేసేచోటనో, వివాదానికి కారణం ఏర్పడినచోటనో దాఖలు చేయాలి. 2014 తరువాత కర్నూలు మరో రాష్ట్రమైంది. అక్కడి వర్క్‌షాపు మీద అలంపూర్ యజమాని ఫిర్యాదు చేయాలంటే రాష్ట్రం దాటవలసి వచ్చేది. 2020 జులై 20న అమలులోకి వచ్చిన 2019 చట్టం 34వ సెక్షను ఈ చిక్కును తొలగించింది. ఫిర్యాదుదారు నివసించేచోట, లేదా ఉద్యోగం చేసేచోట పరిధిగల జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపైతే దాఖలు రుసుము లేదు. బిల్లు ఇవ్వకపోవడాన్ని ఈ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. కమిషన్ దాకా వెళ్ళకముందే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైనులో తెలుగులోనే ఫిర్యాదు చెప్పవచ్చు. అక్కడ కూడా మొదట కావలసినవి జాబ్‌కార్డు నకలు, సంతకం చేసిన అంచనా పత్రం, పద్దులు విడదీసిన బిల్లు.