వేలు చూపినంతనే దోషియా?

గుంటూరు మిరప యార్డులో వర్తకుడు టిక్కీ పైభాగపు రంగు మాత్రమే చూచి వెల కట్టడు. లోనికి చేయి జొనిపి, తాలును, తేమను పరీక్షించును. మనుష్యునిపై నేరము మోపునప్పుడు మన మీపాటి యోరిమియైన జూపుచున్నామా యని నేనడుగుచున్నాను.

1953లో న్యూయార్కు నగరమున మానీ బాలెస్ట్రీరో యను వాద్యగాడు భార్య బీమాపై అప్పు కోరి కార్యాలయమునకు బోగా, తమ్ము దోచినవా డితడేయని గుమాస్తాలు పలికిరి. అది వట్టి పోలిక. తీర్పునకు మునుపే అసలు దొంగ పట్టుబడెను. కాని యీలోపల భార్యకు మతి చలించెను. ఈ కథనే ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1956లో ‘ది రాంగ్ మాన్’ అను చిత్రముగా దీసెను.

ఇది దూరదేశపు మాట యనుకొనరాదు. 2007 డిసెంబరులో విజయవాడ చెంత వసతిగృహమున తెనాలి విద్యార్థిని యొకతె హత్యకు గురియయ్యెను. 2008లో పట్టుబడిన పేద యువకుని 2010లో క్రింది న్యాయస్థానము దోషి యనెను. 2017 మార్చి 31న ఉన్నత న్యాయస్థానము నిర్దోషి యనెను. నడుమ ఎనిమిదేండ్లకు పైగా చెర! అతడు దోషి కాడని వాదించినవారిలో మృతురాలి తల్లిదండ్రులే యుండిరి.

కావున ‘వీడే’ యని పదుగురు వేలు చూపినపుడు ‘రుజువేది?’ యని యడుగుట దోషిని కాచుట గాదు. అసలు దోషిని వెదకు త్రోవను మూయకుండుట.