తాతయ్య చెయ్యి ఎక్కడ పడిపోయింది? పిల్లలకి స్ట్రోక్ గురించి ఎలా చెప్పాలి

ఈరోజు టాపిక్ కొంచెం బరువైనది. కానీ ఎప్పుడో ఒకప్పుడు చాలా ఇళ్ళల్లో అవసరం పడేదే. ఇంట్లో ఒక పెద్దాయనకి స్ట్రోక్ వచ్చింది. మన భాషలో పక్షవాతం. హాస్పిటల్, స్కాన్లు, డబ్బు సర్దుబాటు, ఫోన్ల మీద ఫోన్లు. అందరూ పరుగులు పెడుతుంటారు. అదే ఇంట్లో ఒక మూల నిలబడి అన్నీ వింటున్న ఆరేళ్ళ పాపో బాబో ఉంటారు. వాళ్ళకి ఎవరు చెప్తారు? ఏమని చెప్తారు?

ముందే చెప్తున్నా, నేను డాక్టర్ని కాదు. బీటెక్ చేసి, కొన్నేళ్ళు కోడ్ రాసి, ఇప్పుడు కెమెరా ముందు కూర్చున్నవాణ్ణి. వైద్యం సంగతి డాక్టర్లే చెప్పాలి. మనం మాట్లాడుకునేది ఇంట్లో మాట గురించి.

అసలు మనం వాడే మాటలు ఒకసారి వినండి. "చెయ్యి పడిపోయింది." "మాట పడిపోయింది." "ఒక పక్క లాగేసింది." మనకి అలవాటైపోయాయి కాబట్టి ఏమీ అనిపించదు. ఐదేళ్ళ పిల్లకి "తాతయ్య చెయ్యి పడిపోయింది" అంటే ఏం అర్థమవుతుంది? ఎక్కడ పడిపోయింది, ఎవరైనా తీశారా అని. చిన్నపిల్లలు మాటని ఉన్నదున్నట్టు తీసుకుంటారు. వాళ్ళ ముందు "చెయ్యి అక్కడే ఉంది, కానీ కదలమని మెదడు చెప్పే మాట చేతికి అందట్లేదు" అనాలి. కొంచెం పొడుగైన వాక్యమే. కానీ భయం తగ్గుతుంది.

"చిన్నపిల్లలు కదా, వాళ్ళకెందుకు ఇవన్నీ" అని చాలామంది అంటారు. "తాతయ్య ఊరెళ్ళారు" అని చెప్పి తప్పించుకుంటారు. సమస్య ఏంటంటే, మనం చెప్పకపోతే పిల్లలు ఖాళీగా వదిలెయ్యరు. ఆ ఖాళీని వాళ్ళే నింపుకుంటారు. ముందురోజు తాతయ్య మాట వినలేదు, మందులడబ్బా దాచేశాను, అందుకే ఇలా అయింది అనుకుంటారు. ఇలా తమ మీద వేసుకోవడం చిన్న వయసులో చాలా మామూలు విషయం. బయటికి చెప్పరు. రాత్రి పక్క తడుపుతారు, అన్నం తినరు, స్కూల్‌కి వెళ్ళనంటారు. మనం అల్లరి అనుకుంటాం. అందుకే ఈ ఎపిసోడ్ మొత్తానికి ఒకటే పాయింట్: నిజం చెప్పండి, చిన్న మాటల్లో చెప్పండి, మళ్ళీ మళ్ళీ చెప్పండి.

సరే, స్ట్రోక్ అంటే ఏంటి? ఇంజినీర్ని కాబట్టి సర్వరు, కేబుల్ అని చెప్పాలనిపిస్తుంది కానీ పిల్లలకి అది పనికిరాదు. పంటకాలువ చెప్పండి. మెదడు ఒక పెద్ద పొలం. అందులో చాలా మడులు. ఒక మడి చేతిని కదిలిస్తుంది, ఒకటి మాటలు వెతుకుతుంది, ఒకటి చూసింది అర్థం చేసుకుంటుంది. ఈ మడులన్నిటికీ రక్తం అనే నీళ్ళు కాలువల్లో వెళ్తాయి. కాలువకి ఏదైనా అడ్డం పడితే ఆ మడికి నీళ్ళు అందవు, ఎండిపోతుంది. ఎక్కువ స్ట్రోకులు ఇలాంటివే, రక్తం గడ్డ అడ్డం పడటం. రెండో రకంలో కాలువకి గండి పడుతుంది. అంటే రక్తనాళం చిట్లి రక్తం మెదడులోకి వచ్చేస్తుంది. రెండూ స్ట్రోకే.

పెద్ద పిల్లలకైతే ఇంకొంచెం చెప్పొచ్చు. మెదడు బరువు మన శరీరంలో దాదాపు 2 శాతమే. కానీ శరీరం వాడే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే తీసుకుంటుంది. అందుకే సరఫరా ఆగితే తట్టుకోలేదు. పెద్ద రక్తనాళం మూసుకుపోయి వైద్యం అందకపోతే, నిమిషానికి సగటున 19 లక్షల నాడీకణాలు పోతాయని లెక్క. ఇంకో విషయం, పక్షం అంటే ఒక వైపు అని అర్థం. మెదడు ఎడమ భాగం కుడి చేతిని, కుడి కాలిని నడిపిస్తుంది. కుడి భాగం ఎడమవైపుని. అందుకే సాధారణంగా ఒక పక్కే దెబ్బ తింటుంది. పిల్లలకి ఈ ఎడమ కుడి తిరకాసు భలే నచ్చుతుంది, చెప్పి చూడండి.

మాట సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే పిల్లలు ఎక్కువ భయపడేది అక్కడే. మా తాతయ్యకి స్ట్రోక్ వచ్చి ఇంటికొచ్చాక, కుర్చీ కావాలంటే "గ్లాసు" అనేవారు. మంచినీళ్ళు అడగలేకపోయేవారు. కానీ వేమన పద్యం ఎవరైనా మొదలుపెడితే చివరిదాకా వెళ్ళిపోయేవారు! మా మేనమామ కొడుకుకి అప్పుడు ఏడేళ్ళు. "పద్యాలు వస్తున్నాయి కదా, తాతయ్య నాటకం ఆడుతున్నారు" అన్నాడు. వాడి లాజిక్ తప్పేం కాదు. కానీ జరిగేది వేరు. కొత్తగా మాట వెతికి వాక్యం కట్టడం వేరే పని, చిన్నప్పట్నుంచి నోటికొచ్చిన పద్యం, పాట, ఒకటి రెండు మూడు అనే లెక్క వేరే పని. మొదటిది పోయినా రెండోది కొందరిలో మిగులుతుంది. 1861లో పారిస్‌లో పాల్ బ్రోకా అనే డాక్టర్ దగ్గర ఒక రోగి ఉండేవాడు. ఏం అడిగినా దాదాపు "టాన్" అనే ఒక్క శబ్దమే వచ్చేది. ఎదుటివాళ్ళు చెప్పేది మాత్రం చాలావరకు అర్థమయ్యేది. ఆయన చనిపోయాక మెదడు చూస్తే ఎడమ వైపు ముందు భాగంలో దెబ్బ కనిపించింది. మాటకి మెదడులో ప్రత్యేకమైన చోటు ఉందని ప్రపంచం గట్టిగా నమ్మడం అక్కడ మొదలైంది. పిల్లలకి ఇలా చెప్పండి: "తాతయ్యకి తెలుసు నాన్నా, నువ్వెవరో తెలుసు. మాట దొరకట్లేదు అంతే."

ఇప్పుడు కోలుకోవడం. ఎండిపోయిన మడి చాలావరకు మళ్ళీ పచ్చబడదు. ఈ నిజం దాచకండి. కానీ దాని చుట్టూ ఇంకా బతికే ఉన్న మడులు ఉంటాయి. అవి కొత్త పని నేర్చుకోగలవు. రోడ్డు తెగిపోతే పొలం గట్టు మీద నడుస్తాం కదా. మొదటిరోజు ముళ్ళు, గడ్డి. రోజూ నడిస్తే కాలిబాట పడుతుంది. ఫిజియోథెరపీలో ఒకే కదలిక వందల సార్లు చేయించేది అందుకే. సాధారణంగా మొదటి మూడు నెలల్లో మార్పు వేగంగా కనిపిస్తుంది. తర్వాత నెమ్మదిస్తుంది, కానీ ఆగిపోదు. జిల్ బోల్ట్ టేలర్ అని అమెరికాలో మెదడు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. 1996లో 37 ఏళ్ళ వయసులో ఆవిడకే స్ట్రోక్ వచ్చింది. మాట, నడక, చదువు అన్నీ మొదట్నుంచి నేర్చుకోవాల్సి వచ్చింది. వాళ్ళమ్మ పక్కన కూర్చుని నేర్పించింది. పూర్తిగా కోలుకోవడానికి ఎనిమిదేళ్ళు పట్టిందని ఆవిడే చెప్పారు. అందరూ ఆవిడలా కోలుకుంటారని కాదు. టైమ్ ఎంత పడుతుందో అర్థం కావడానికి చెప్తున్నా.

పిల్లలు దాదాపు ఇవే నాలుగు ప్రశ్నలు అడుగుతారు. అడగకపోయినా మనసులో ఉంటాయి.

ఒకటి, "నా వల్ల వచ్చిందా?" అడిగేదాకా ఆగకండి. "నువ్వు అన్నదాని వల్లో చేసినదాని వల్లో ఇది రాలేదు. తలలో రక్తనాళం పాడవడం వల్ల వచ్చింది" అని మీరే చెప్పండి.

రెండు, "నాకు అంటుకుంటుందా?" అంటుకోదు. పక్కన పడుకోవచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు. "నాకూ వస్తుందా" అంటే, "పిల్లలకి రావడం చాలా అరుదు" అనండి. అసలు రాదు అనకండి, ఎందుకంటే అది నిజం కాదు.

మూడు, "తాతయ్య చచ్చిపోతారా?" ఇక్కడ మన గొంతు పూడుకుపోతుంది. "ఛ, అలా అనకూడదు" అని నోరు మూయించకండి. "డాక్టర్లు చాలా ప్రయత్నం చేస్తున్నారు. ఏం జరిగినా నీకు చెప్తాం, నీ దగ్గర దాచం" అంటే చాలు. ఆ మాట ఇచ్చాక నిలబెట్టుకోవాలి.

నాలుగు, "మళ్ళీ ముందులా అవుతారా?" తొందరపడి "అవుతారు" అనేస్తాం. ఆరు నెలల తర్వాత అవ్వకపోతే మన మీద నమ్మకం పోతుంది. "కొన్ని తిరిగొస్తాయి, కొన్ని రాకపోవచ్చు. రోజూ ప్రాక్టీస్ చేస్తారు, మనం చూద్దాం" అనండి.

ఇంకో రెండు మార్పులు ముందే చెప్పి ఉంచాలి. స్ట్రోక్ తర్వాత కొందరు ఉన్నట్టుండి ఏడుస్తారు, లేదా నవ్వే విషయం లేకుండా నవ్వుతారు. త్వరగా అలిసిపోతారు, విసుక్కుంటారు. "నీ మీద కోపం కాదు, మెదడు అలిసిపోయింది" అని చెప్పాలి. మెదడు కుడి వైపు దెబ్బ తింటే కొందరికి ఎడమవైపు ఉన్నవి ధ్యాసలోకే రావు. కంచంలో సగం అన్నం తిని, ఎడమవైపు సగం అలాగే వదిలేస్తారు. ఇది చూసి పిల్లలు నవ్వితే తిట్టకండి. కారణం చెప్పి "నువ్వు గుర్తు చెయ్యి" అని పని అప్పగించండి.

పిల్లలకి పని ఉండాలి, ఇది చాలా ముఖ్యం. బంతి పిండటం లెక్కపెట్టొచ్చు. క్యాలెండర్లో ఎన్ని అడుగులు నడిచారో రాయొచ్చు. బొమ్మల కార్డులు చూపించి పేర్లు చెప్పించొచ్చు, తప్పు చెప్తే కంగారుపెట్టకుండా ఆగొచ్చు. చెయ్యకూడనిది ఒకటే: డాక్టర్ సరే అనేదాకా ప్రేమగా కూడా నీళ్ళు, బిస్కెట్ పెట్టకూడదు. స్ట్రోక్‌లో మింగడం కూడా దెబ్బ తినొచ్చు, అప్పుడు నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అలాగని ఇరవై నాలుగ్గంటల నర్సు పని వాళ్ళ మీద పెట్టకండి. ఆడుకోవడానికి వెళ్ళడం తప్పు కాదని కూడా చెప్పండి.

చివరిగా, ఇంకా ఏమీ జరగని ఇళ్ళకి. పగలు చాలా ఇళ్ళల్లో ఉండేది ఎవరు? తాతయ్య, నాయనమ్మ, స్కూల్ నుంచి వచ్చిన పిల్లలు. అంటే స్ట్రోక్‌ని మొదట చూసేది పిల్లలే కావచ్చు. మూడు పరీక్షలు ఆటలా నేర్పించండి. నవ్వమనాలి, మూతి ఒక పక్కకి పోతోందా? రెండు చేతులు ఎత్తమనాలి, ఒకటి కిందికి జారుతోందా? ఒక వాక్యం చెప్పమనాలి, ముద్దముద్దగా వస్తోందా? ఏ ఒక్కటి తేడా ఉన్నా 108కి ఫోన్. టైమ్ ఎంతైందో చూసి గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే గడ్డని కరిగించే ఇంజెక్షన్ మామూలుగా మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అది కూడా స్కాన్ తీసి, గడ్డా గండా తేలాకే. అందుకే ఇంట్లో ఏ మాత్రా వెయ్యకూడదు. పావురం రక్తం రాద్దాం, నాటు మందు వేద్దాం అని పెద్దవాళ్ళు ఆలోచించే గంటలో మడి ఎండిపోతుంది. తేడా దానంతటదే తగ్గిపోయినా వెళ్ళాల్సిందే, అది రాబోయేదానికి హెచ్చరిక కావచ్చు.

ఇంటి అడ్రస్, దగ్గర్లో ఉన్న గుర్తు, ఫోన్ లాక్ తియ్యడం, 108. ఈ నాలుగూ ఈ ఆదివారం మీ పిల్లలకి నేర్పించండి. పది నిమిషాలు పడుతుంది. నేర్పించాక వాళ్ళేం ప్రశ్నలు అడిగారో కామెంట్స్‌లో రాయండి. మంచి ప్రశ్నలు ఉంటే ఒక న్యూరాలజిస్ట్‌ని కూర్చోబెట్టి ఇంకో ఎపిసోడ్ చేద్దాం.