పాలు పితుకు వేళ: పరిశుభ్రత, నెమ్మది



పాడి ఉన్న ఇంట రోజుకు రెండుసార్లు తప్పక జరుగు పని పాలు పితుకుట. పశువు కొనుగోలుకు, మేతకు, దాణాకు పెట్టిన డబ్బు తిరిగి చేతికి వచ్చునది ఆ కొద్ది నిమిషములలోనే. అయినను ఎక్కువ ఇండ్లలో ఆ కొద్ది నిమిషములే అశ్రద్ధకు గురియగుచున్నవి. మంచి జాతి గేదె, మంచి మేత ఉండియు పాలు తగ్గుట, కేంద్రమునకు పోసిన పాలు విరిగినవని తిరిగి వచ్చుట, పొదుగు వాచుట - ఈ మూడింటి మూలము తరచు ఒక్కచోటనే కనబడును. అది పితుకు చోటు, పితుకు తీరు.

ఒక ఇంటి అనుభవము

నేను పనిచేయు మండలములోని ఒక ఊరిలో జరిగినది చెప్పెదను. ఒక రైతు రెండవ ఈత ముర్రా గేదెను కొనెను. ఈనిన పదవనాడు దూడ చనిపోయినది. ఆనాటినుండి గేదె సరిగా చేపలేదు. పితుకబోయిన తన్నుచుండెను, ఎగచేపుచుండెను. కొన్నాళ్ళకు ఆ ఇంటివారు పూటపూటకు సూది వేసి పాలు తీయుట మొదలుపెట్టిరి. నన్ను సలహా అడిగినప్పుడు నేను పశువును చూడకయే తవుడు, తెలగపిండి కొంచెము పెంచుమంటిని. దాణా ఖర్చు పెరిగినది గాని పాలు పెరుగలేదు. ఆ తప్పు నాదే. నెల తిరుగక మునుపే ఒక చన్నులో పాలు ముక్కలు ముక్కలుగా రాసాగినవి. కేంద్రమువారు పాలు తిరిగి పంపిరి.

అప్పుడు పశువైద్యాధికారితో కలిసి వెళ్ళి, సాయంత్రము పితుకు వేళ దూరముగా నిలిచి చూచితిని. గేదెను వీధి గుమ్మము పక్కన కట్టియుండిరి. కాళ్ళకింద పేడ, మూత్రము నిలిచియున్నవి. పక్కనే నీటి మోటారు మ్రోగుచున్నది. పితుకు మనిషి వారమునకొకడు మారుచున్నాడు. ఆనాడు వచ్చినవాడు చేత కర్రతోనే వచ్చి, వెనుక కాళ్ళకు బందము బిగించి, పొదుగు మీద చెంబెడు చన్నీళ్ళు కొట్టి, తడిచేతులతోనే లాగసాగెను. రోజూ మేత వేయునది, నీళ్ళు పెట్టునది ఆ ఇంటి ఇల్లాలు. ఆమె ఆ వేళ వంటయింటి వాకిట నిలిచియున్నది. గేదె ఆమె వైపే చూచుచుండెను.

చేపుట అనగా నేమి?

పొదుగు నీళ్ళతిత్తి వంటిది కాదు. లాగిన మాత్రమున పాలు దిగవు. పాలు పొదుగులోని లెక్కలేనన్ని చిన్న చిన్న తిత్తులలో నిలువయుండును. చన్నుకు దగ్గరగా, చేతికి వెంటనే అందునట్లు ఉండు పాలు ఆవులో కొంతయే. గేదెలో మరీ తక్కువ. దూడ కుడిచినప్పుడుగాని, గోరువెచ్చని నీటితో పొదుగు కడిగి నిమిరినప్పుడుగాని, ఆ స్పర్శ మెదడుకు అందును. మెదడు అడుగుననున్న గ్రంథి నుండి ఆక్సిటోసిన్ అను రసము రక్తములో కలిసి పొదుగునకు వచ్చును. అది ఆ చిన్న తిత్తులను పిండగా పాలు చన్నులలోనికి దిగును. దీనినే మనము చేపుట అందుము. ఆవు సుమారు ఒక నిమిషములో చేపును. గేదెకు రెండు మూడు నిమిషములు, కొన్నిటికి అంతకన్న ఎక్కువ పట్టును. ఈ రసము పని కొద్ది నిమిషములే ఉండును. కావున చేపిన తరువాత ఐదు నుండి ఏడు నిమిషములలో పితుకుట ముగించవలెను.

పశువు బెదిరినను, దెబ్బ తిన్నను మరియొక రసము, అడ్రినలిన్, రక్తములోనికి వచ్చును. అది మొదటి రసమును పనిచేయనీయదు. 1941లో అమెరికాలో ఈలీ, పీటర్సన్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు దీనిని పరీక్షించి చూచిరి. పితుకు ముందు ఆవు వీపు మీద పిల్లిని ఉంచి, కాగితపు సంచులను పదేసి సెకండ్లకొకటి చొప్పున రెండు నిమిషములపాటు పేల్చిరి. ఆవు పాలు సరిగా దింపలేదు. కొన్నాళ్ళకు పిల్లి అవసరము కూడ లేకపోయినది. సంచుల మ్రోతయే చాలినది. మన ఇండ్లలో కుక్క అరుపు, మోటారు మ్రోత, కర్ర దెబ్బ, కొత్త మనిషి - ఇవన్నియు అటువంటి సంచులే.

సూది మందు కాదు

చేపుటకై పూటపూటకు ఆక్సిటోసిన్ సూది వేయుట కొందరికి అలవాటైనది. చేపకపోవుటకు గల కారణమును అది పోగొట్టదు. పశువు దానికి అలవాటు పడి, సూది లేనిదే చేపని స్థితికి వచ్చును. ఒకే సూదిని అనేక పశువులకు వాడిన రోగములు అంటుకొనును. అంతేకాదు, 1960 నాటి జంతుహింస నివారణ చట్టము 12వ సెక్షను ప్రకారము పాలు పెంచుటకై పశువు ఆరోగ్యమునకు హాని చేయు సూది వేయుట నేరము. దానికి 1000 రూపాయల వరకు జరిమానా గాని, రెండేండ్ల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. పశువును కూడ ప్రభుత్వము స్వాధీనము చేసికొనును. చికిత్సకై ఈ మందు ఎప్పుడు అవసరమో పశువైద్యుడు నిర్ణయించవలెను గాని మనము కాదు.

పితుకు చోటు

పెద్ద డెయిరీలలో యంత్రములతో పితుకుటకు ప్రత్యేకపు పాలశాలలు కట్టుదురు. రెండు మూడు పశువులున్న రైతుకు కొట్టములో ఒక మూల చాలును. అది వీధికి, మోటారుకు దూరముగా ఉండవలెను. నేల నాపరాళ్ళతో గాని సిమెంటుతో గాని వేసి, పై భాగమును గరుకుగా ఉంచవలెను. కాలు జారు నేల మీద పశువు నెమ్మదిగా నిలువలేదు. పది అడుగులకు మూడు అంగుళముల చొప్పున కాలువ వైపు వాలు ఉన్న మూత్రము, కడిగిన నీరు నిలువవు. పితుకుటకు అరగంట ముందే పేడ తీసి, కడిగి ఆరనీయవలెను. పితుకు వేళ ఊడ్చుట, వరిగడ్డి దులిపి వేయుట పనికిరాదు. లేచిన దుమ్ము పాలలో పడును. ఘాటైన వాసనగల మేతలను పితికిన తరువాతనే వేయవలెను.

మనిషి, చేయి

ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే వరుస - ఇది పశువునకు ధైర్యము. రోగము లేని పశువులను ముందు, పొదుగు వాచిన దానిని చివర పితుకవలెను. పితుకు మనిషి గోళ్ళు తీసికొని, సబ్బుతో చేతులు కడిగి తుడుచుకొనవలెను. దగ్గు, జ్వరము ఉన్నవారు ఆ పూట పితుకరాదు. పొదుగును గోరువెచ్చని నీటితో కడిగి, పొడి గుడ్డతో తుడువవలెను. ఒక్కొక్క పశువునకు ఒక్కొక్క గుడ్డ ఉండవలెను. ఒకే గుడ్డ వాడిన ఒకదాని పొదుగులోని రోగము మరియొకదానికి పోవును.

ప్రతి చన్ను నుండి మొదటి మూడు నాలుగు ధారలను నల్లని గుడ్డ కట్టిన గిన్నెలోనికి తీసి చూడవలెను. నేల మీద పితుకరాదు. ముక్కలు గాని, నీరు గాని, రక్తపు జీర గాని కనబడిన అది పొదుగువాపు గుర్తు. ఆ పాలు ఇతర పాలలో కలపక, పశువైద్యునికి చూపవలెను. చికిత్స జరుగు రోజులలోను, ఆ తరువాత వైద్యుడు చెప్పినన్ని రోజులును ఆ పాలు కేంద్రమునకు పోయరాదు.

చన్నును నాలుగు వేళ్ళతో అరచేతికి ఆనించి నిండుగా పట్టి పితుకవలెను. బొటనవ్రేలు లోపలికి మడిచి లాగిన చన్ను నలుగును. చేతికి నురుగు, ఉమ్మి, నూనె రాచుకొనరాదు. ముగిసిన వెంటనే చన్నులను అయోడిన్ మందులో ముంచవలెను. పితికిన తరువాత అరగంటకు పైగా చన్ను రంధ్రము తెరిచియుండును. ఆ వేళ పశువు పేడలో పండుకొనకుండ మేత వేసి నిలబెట్టవలెను. ఖర్చు లేని ఈ ఒక్క పని పొదుగువాపును ఎంతయో తగ్గించును.

పాత్రలు, పాలు

అతుకులు లేని, మూత ఉన్న పాత్రలు మంచివి. వాడిన వెంటనే మొదట చల్లని నీటితో తొలిచి, తరువాత వాషింగ్ సోడా కలిపిన వేడినీటితో బ్రష్షుతో తోమి, ఎండలో బోర్లించవలెను. మొదటనే వేడినీరు పోసిన పాల జిగురు పాత్రకు అంటుకొని పోదు. పితికిన పాలు వడబోసి, ఆలస్యము చేయక కేంద్రమునకు చేర్చవలెను. వెచ్చని పాలలో సూక్ష్మజీవులు అరగంటకొకసారి రెట్టింపైన, లెక్కకు ఒక్కటి నాలుగు గంటలలో 256 అగును. పొద్దుటి పాలు పొద్దెక్కిన తరువాత ఎందుకు విరుగునో ఈ లెక్క చెప్పుచున్నది.

ఆ గేదె ఏమైనది?

పశువైద్యుడు పొదుగునకు చికిత్స చేసి, సూది మాన్పించెను. గేదెను కొట్టము వెనుక మూలకు మార్చితిమి. పితుకు పని ఇల్లాలే తీసికొన్నది. ముందు కొంచెము కుడితి పెట్టి, పొదుగు కడిగి, మెడ నిమురుచు చేపువరకు ఓపికతో కాచుకొనుచుండెను. మొదటి నాలుగు రోజులు పాలు ఇంకను తగ్గినవి. ఇంటిపెద్ద మరల సూది తేబోగా ఆమె వద్దనెను. "మేత వేసే చెయ్యి ఒకటి, పితికే చెయ్యి ఒకటి అయితే అది మాత్రం ఎవర్ని నమ్ముతుందండీ?" అని ఆమె నాతో అన్నది. నేను చదివిన దానిని ఆమె ఒక్క మాటలో చెప్పినది. మూడవ వారమున గేదె బందము లేకయే నిలిచి చేపినది. కేంద్రమువారు పాలు తిరిగి తీసికొనుచున్నారు. చెడిన చన్ను మాత్రము మునుపటి వలె పాలు ఇయ్యలేదు. నెలరోజుల అశ్రద్ధకు అది మిగిలిన నష్టము.

గ్రామాధికారులు పాల కేంద్రము వద్ద పాత్రలు కడుగుటకు నీటి వసతి, కొట్టముల నుండి నీరు పోవు కాలువలు ఉన్నవో లేవో చూడవలెను. పాలు పెంచుటకై సూది వేయుట నేరమని ఊరివారికి తెలియజెప్పవలెను. రైతు సోదరులు ఈ సాయంత్రమే కర్రను గుమ్మము బయట వదలి, చేతులు కడిగికొని, మీ పశువు దగ్గర కొద్దిసేపు ఊరక నిలువుడు. అది మీ వంక ఎట్లు చూచునో గమనింపుడు. మార్పు ఎక్కడ మొదలుపెట్టవలెనో అదే మీకు చెప్పును.