దుమ్ముకు ధరెంత?

'ఇల్లు ఊడ్చడానికి వేలకు వేలా?' అని ఒకరు. 'మంచిది ఒక్కసారి కొంటే ఏళ్లతరబడి మన్నుతుంది' అని మరొకరు. వాక్యూమ్ క్లీనర్ మాటెత్తితే తెగని వాదన ఇది.

ఈ మెషీన్ మనలో చాలామందికి పరిచయమైంది దుకాణంలో కాదు, గుమ్మం దగ్గరే. 1982లో మొదలైన యురేకా ఫోర్బ్స్ ఇంటింటికీ సేల్స్‌మెన్‌ను పంపి, సోఫాలోని దుమ్ము లాగి చూపించి మరీ అమ్మింది.

తర్వాత డిజైన్ వంతు. బ్రిటన్‌కు చెందిన జేమ్స్ డైసన్ 5,127వ నమూనాతో సంచి అక్కర్లేని క్లీనర్‌ను సాధించాడు. లోపల గాలి సుడి తిరుగుతుంటే దుమ్ము విడిపోయి డబ్బాలో పడుతుంది. సంచి పూడుకుపోయి పీల్చే శక్తి తగ్గే బాధ లేదు. 1993లో సొంత పేరుతో డీసీ01ను తెచ్చిన ఆ కంపెనీ 2018లో మన మార్కెట్‌లోకొచ్చింది. సంచి అభిమానులు మాత్రం 'డబ్బా దులిపితే దుమ్మంతా మళ్లీ లేస్తుందిగా' అంటారు.

మరి నల్గొండ, మహబూబ్‌నగర్ వాసులకు ఏది మేలు? షాబాద్ బండలూ, టైల్సూ పరిచిన ఇంట్లో తివాచీ బ్రష్‌కు పెట్టే డబ్బు దండగే. మెత్తటి రోలర్, సోఫా సందులకు సన్నటి గొట్టం చాలు. వైరు లేనిదైతే కొత్త బ్యాటరీ ఖరీదు ముందే అడగండి. హైదరాబాద్ షోరూమ్‌లో కొంటే, రిపేరుకు మళ్లీ వంద కిలోమీటర్లు వెళ్లాలా? ఫిల్టర్ మీ ఊళ్లోనే దొరుకుతుందా?

ధర చూసేముందు మీ ఇంటి నేల చూడండి. చీపురును మాత్రం అప్పుడే పారేయకండి!