విస్తరణకు ముందే నడకబాట అడగాలి

నల్గొండ: రహదారి వెడల్పయితే ఊరు ఒక వైపు, బడి, పొలాలు మరో వైపు మిగిలిపోతాయి. ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్‌ జిల్లాల మీదుగా సాగే 65, 44 నంబరు జాతీయ రహదారుల వెంట ఉన్న పల్లెల పాదచారులకు, సైకిళ్లపై వెళ్లే విద్యార్థులకు ఈ అవస్థ కొత్త కాదు. పనులు పూర్తయ్యాక ఆందోళన చేయడం కన్నా ముందే అభిప్రాయం చెప్పడం మేలు.

పర్యావరణ అనుమతి అవసరమైన రహదారులకు 2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర నోటిఫికేషన్‌ ప్రకారం జిల్లాల వారీగా ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటన ఇవ్వాలి. కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షత వహిస్తారు. ముసాయిదా నివేదికను కలెక్టరేటు, జిల్లా పరిషత్తు కార్యాలయాల్లో చూడవచ్చు. సభకు రాలేనివారు కాలుష్య నియంత్రణ మండలికి లిఖితపూర్వకంగా తెలపవచ్చు. అదనపు భూసేకరణ లేని విస్తరణకు మాత్రం మినహాయింపు ఉంది. అలాంటి చోట గ్రామసభలో తీర్మానం చేసి రహదారి అధికారులకు పంపవచ్చు.

అండర్‌పాస్‌ ఏ బడి వద్ద, ఏ పొలం దారిలో కావాలో స్పష్టంగా రాయాలి. నడకబాటకు కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని ఇండియన్‌ రోడ్స్‌ కాంగ్రెస్‌ 2012 మార్గదర్శకాలు చెప్పాయి. అడ్డంకుల్లేని నడకబాట జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.