బెండు కదలకపోతే ఏం చేయాల?

దసరా సెలవుల్లో మేం ముగ్గురం ఒక పందెం వేసుకున్నాం. మదనపల్లె నుంచి నేను, పుంగనూరు మిత్రుడు, కుప్పం మిత్రుడు. పుంగనూరు దగ్గర ఒక చెరువు. పాట పాడుకున్నవాళ్ళను అడిగి, వాళ్ళు సరేనన్నాకే గాలాలు తీశాం. పొద్దున ఆరు నుంచి పది దాకా టైము. ఎవరి మూడు చేపల బరువు ఎక్కువుంటే వాళ్ళు గెలిచినట్టు. ఓడినోడు అందరికీ బిర్యానీ పెట్టియ్యాల. ఏడున్నరైనా నా బెండు కదల్లేదు. తూము దగ్గర ఎర్రలు గుచ్చి కూర్చోవడమే నా ప్లాను. దాన్ని మార్చాలా, ఇంకాసేపు ఆగాలా?

అమెరికాలో ఈ ప్రశ్న మీదే పెద్ద పెద్ద పోటీలు నడుస్తాయి. అక్కడి బాస్ చేప మన కొర్రమీను లాంటి వేటచేప. నాచు చాటున, మొద్దుల చాటున పొంచి ఉండి దగ్గరికొచ్చిన చిన్న చేప మీద దూకుతుంది. ఇన్సూరెన్సు పాలసీలు అమ్ముకునే రే స్కాట్ అనే ఆయన 1967లో ఆర్కన్సా రాష్ట్రంలోని బీవర్ లేక్‌లో 106 మందితో పోటీ పెట్టాడు. 1971లో మొదటి బాస్‌మాస్టర్ క్లాసిక్‌కు 24 మందిని విమానం ఎక్కించి, అది గాల్లోకి లేచాక గానీ ఏ సరస్సుకు పోతున్నారో చెప్పలేదు. అది లేక్ మీడ్. అంటే ఇంట్లో కూర్చుని వేసుకున్న ప్లానులు ఎవరికీ పనికిరాలేదు. నీళ్ళను చూసి అక్కడికక్కడ ఆలోచించాల్సిందే. ఆ ఏడు బాబీ మర్రే గెలిచాడు.

ఇలాంటి పోటీల నుంచి మన చెరువుగట్టుకు పనికొచ్చే సంగతులు మూడున్నాయి.

మొదటిది, పొద్దుటి నుంచి ఏం మారిందో చూడాల. చేప ఒంటి వేడి నీటి వేడిని బట్టి మారుతుంది. ఎండ ముదిరి పైనీళ్ళు వేడెక్కితే చాలా చేపలు లోతుకో నీడకో పోతాయి. గాలి ఒకే వైపు వీస్తుంటే నీళ్ళలోని సూక్ష్మజీవులు ఎదురు గట్టుకు చేరతాయి. వాటి కోసం చిన్న చేపలు, చిన్న చేపల కోసం పెద్ద చేపలు అక్కడికే వస్తాయి. కొర్రమీను సంగతి వేరు. అది పైకొచ్చి గాలి పీల్చుకునే చేప. ఆక్సిజన్ తక్కువున్న తుంగ మడుగులో కూడా బతుకుతుంది.

రెండోది, ఒకసారికి ఒకటే మార్చాల. ల్యాబులో చేసేది ఇదే కదా! ఎర, లోతు, చోటు మూడూ ఒకేసారి మార్చేస్తే, చేప పడినా దేనివల్ల పడిందో తెలీదు.

మూడోది, ఎంతసేపు ఆగాలో ముందే అనుకోవాల. మెషీన్ లెర్నింగ్ క్లాసులో మల్టీ ఆర్మ్‌డ్ బాండిట్ లెక్క విన్నవాళ్ళకు ఇది తెలిసిందే: కొత్తది వెతకడానికి కొంత టైము, పనిచేస్తున్నదాన్ని వాడుకోవడానికి కొంత. టైము చాలా ఉన్నప్పుడు వెతుకులాట ఎక్కువుండాల. ఆఖరి గంటలో అది తగ్గాల.

నేను ఇరవై నిమిషాల గడువు పెట్టుకున్నాను. ముందు బెండు పైకి జరిపి గాలాన్ని లోతుకు దించాను. ఒక జిలేబీ పడింది. తర్వాత గాలి కొట్టే గట్టుకు మారాను, ఎర అదే, లోతు అదే. ఇంకో రెండు జిలేబీలు. మూడు చేపలైతే అయ్యాయి గానీ, అన్నీ అరచేయంతే. అవతల కుప్పం మిత్రుడు గోధుమపిండి ముద్దతో ఒక పెద్ద బొచ్చెను లాగేశాడు. ఇంక నన్ను కాపాడితే కొర్రమీనే కాపాడాల.

తొమ్మిదిన్నరకు తుంగ పక్కన నీళ్ళపైన ఎర్రగా ఏదో కదులుతా కనిపించింది. కొర్రమీను పిల్లల గుంపు! గాలానికి కప్పపిల్లను తగిలిస్తుంటే గొర్రెలు మేపుకునే తాత ఒకాయన దగ్గరికొచ్చినాడు.

"ఆ పిల్లల కింద పెద్ద చేప కాపలా ఉంటాది నాయనా. ఎర ఏస్తే దూకుతాది. ఆకలికి కాదు, కోపానికి."

"అయితే పడతాది కదా తాతా?"

"పడతాది. దాన్ని నువ్వు పట్టుకుంటే ఈ పిల్లల్ని మిగతా చేపలు పొద్దుగూకేలోపల మింగేస్తాయి."

ఆయన చెప్పింది నిజమే. మగ బాస్ కూడా ఇట్లే గూడు కాస్తుంది. దాన్ని కాసేపు పక్కకు తీసినా చాలు, చిన్న చేపలు వచ్చి గుడ్లు తినేస్తాయి. అందుకే గూటి మీదున్న బాస్‌ను పట్టొచ్చా లేదా అని అక్కడ ఇప్పటికీ వాదులాడుకుంటారు. పట్టిన చేపల్ని బతికుండగానే తూకం వేసి వదిలేయాలనే పద్ధతిని రే స్కాట్ 1972లో తన పోటీల్లో మొదలుపెట్టాడు.

నా లెక్క ప్రకారం చూస్తే ఎర వేయడమే సరైన ఎత్తు. ఇంకా అరగంట ఉంది, చేప ఎక్కడుందో కూడా తెలుసు. కానీ ఆ లెక్కలో నేను రాసుకున్నది పది గంటల దాకా జరిగేది మాత్రమే. కప్పపిల్లను నీళ్ళలో వదిలేసి మళ్ళీ జిలేబీల గట్టుకు పోయాను. ఓడిపోయాను. బిర్యానీ డబ్బులు నా జేబులోంచే పోయాయి. కుప్పం వాడు రెండో ప్లేటు కూడా చెప్పినాడు!

తింటూనే పందేనికి ఒక కొత్త రూలు చేర్చాం: పిల్లల్ని కాస్తున్న చేప జోలికి ఎవరూ పోకూడదు. సంక్రాంతికి మళ్ళీ పందెం ఉంది. నాలుగో మనిషి కావాల. గాలం మీరే తెచ్చుకోండి, ఎర్రలు మేం తవ్వి పెడతాం.